స్టాపర్‌ని తీసేసిన ఎండాకాలం

ఏప్రిల్ 29, 1979. ఆదివారం

ఈరోజు నా తమ్ముడికి అన్నం పెట్టలేదు. కంచం కడిగి బోర్లించేసి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, కూతురు ఛాయ పక్కన వచ్చి కూర్చున్నాను. త్రినాథ కాసేపు వరండాలో నిలబడ్డాడు. నేను చూడనట్టు ఛాయకి జడ వేస్తూ ఉండిపోయాను. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సుపేలా బజారులో ఏ హోటల్లోనో తిని ఉంటాడు. తినకపోతే మానె.

పొద్దున్న గ్రౌండు నుంచి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"అప్పా, ఇంకెవరో చెప్పక ముందు నేనే చెప్తున్నాను. బావని తీసీసేను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన ఎక్కడో పడిపోతే వీడు లేవదీశాడేమో అనుకున్నాను.

"ఎక్కడి నుంచి తీసేవు?"

"టీములోంచి. బావని, బంగార్రాజుని, ఇంకో అయిదుగుర్ని. ఈ ఎండాకాలం అంతా కొత్త కుర్రాళ్ళని పట్టుకొచ్చి తయారుచెయ్యాలి. సెక్రటరీ గారు సరే అన్నారు."

అందరి ముందూ చెప్పాడట. వరసగా నిలబెట్టి, రేపటి నుంచి ఎవరు రానక్కర్లేదో పేర్లు చదివాడట. చిన్నారావు అని బావ పేరే మొదట చదివాడట, పక్షపాతం చూపించానని ఎవరూ అనకూడదని. అది తన గొప్పతనంలా చెప్పాడు నాకు.

విశాఖ స్పోర్టింగ్ అంటే ఏమిటి ఈ ఊళ్ళో? ఈ స్టీలు ప్లాంటు కొత్తలో పనికొచ్చిన విజయనగరం వాళ్ళూ శ్రీకాకుళం వాళ్ళూ క్యాంప్ 2 మైదానంలో నిక్కర్లు వేసుకుని మొదలుపెట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు. నా పెళ్ళయి ఇక్కడికి వచ్చేసరికే ఆయన అందులో స్టాపర్. అంటే గోల్‌కీపర్ ముందు గోడలా నిలబడేవాడు. తర్వాత కెప్టెన్. ఈ త్రినాథ హైస్కూలు సెలవులకి మా ఇంటికొచ్చి, ఆయన వెనకాల గ్రౌండుకి వెళ్ళి, ఆయన దగ్గర బంతి ఆపడం నేర్చుకున్నవాడు. తర్వాత ఖరగ్‌పూర్‌లో ఆడాడు, కోచింగ్ కోర్సు చదివాడు. పోయినేడు లీగ్‌లో క్లబ్బు బాగా కిందికి పోతే సెక్రటరీ గురునాథరావు గారితో "మా తమ్ముణ్ణి కోచ్‌గా పిలవండి" అన్నది ఎవరు? నేను. నా నోటితో నేను.

ఆయన మధ్యాహ్నం ఎప్పుడో వచ్చారు. చొక్కా మీద టీ మరక ఉంది. "పప్పు ఉందా" అని అడిగారు. అంతే.

మే 1

ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. రెండు గదుల క్వార్టర్లో ముగ్గురు పెద్దవాళ్ళం ఒకరికొకరు తగలకుండా తిరుగుతున్నాం. "మామా నే క్యా కియా మమ్మీ?" అని ఛాయ అడిగింది, మామ ఏం చేశాడని. పోయి ఆడుకోమన్నాను.

మే 3

త్రినాథ పెట్టె సర్దుకుని క్లబ్బు వెనక గదిలోకి మారిపోయాడు. వెళ్తూ ఛాయ బుగ్గ గిల్లాడు. నాకు చెప్పలేదు. నేనూ బయటకు రాలేదు.

సాయంత్రం బంగార్రాజు వచ్చాడు. క్యాంప్ 2 నుంచి ఆ ఎండలో సైకిలు తొక్కుకుంటూ. గోల్‌కీపర్‌గా ఆయన వెనక ఎన్నేళ్ళు నిలబడ్డాడో అన్నేళ్ళూ మా ఇంట్లో భోజనం చేసినవాడు. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా చేతిలో పట్టుకునే మాట్లాడాడు.

"నానేటి అపరాధం సేసేను వదినా? పోయినేడు రెండు పెనాల్టీలు ఆపినోడెవుడు? కుర్రోలు గావాలట ఆడికి. నిక్కర్లేసుకున్నకాడి నుంచి మన సేతుల్లో పెరిగినోడు మనకి ఉద్వాసన సెప్తాడా?"

"నాతో అంటే నేనేటి చేస్తాను బంగార్రాజూ" అన్నాను.

"నీతో కాపోతే ఎవులితో అనాల? నువ్వే కదా పిలిపించేవు ఆణ్ణి."

ఆయన పక్క గదిలోనే ఉన్నారు. విన్నారు. "ఊరుకోరా" అని ఒక్క మాట అనలేదు. పన్నెండేళ్ళ కాపురంలో బయటివాడు నన్ను మాట అంటుంటే ఆయన ఊరుకోవడం ఇదే మొదలు.

మే 6

ఇవాళ అడిగారు. సైకిలు చైనుకి నూనె వేస్తూ, తల ఎత్తకుండా.

"త్రినాథకి నా మోకాలి సంగతి ఎవరు చెప్పేరు?"

"ఏటి సంగతి?"

"మెట్లెక్కినప్పుడు రెయిలింగు పట్టుకుంటున్నానని. రాత్రి ఉప్పుకాపడం పెట్టించుకుంటున్నానని. గురునాథరావు గారికి చెప్పేడట. వాడికెలా తెలిసింది?"

వచ్చిన కొత్తలో టీ తాగుతూ అడిగాడు వాడు, బావ కాలు ఎలా ఉంది అప్పా అని. నేను చెప్పాను. ఉన్నదే చెప్పాను. కట్టుకున్న మొగుడి కాలినొప్పి తోడబుట్టినవాడికి చెప్పుకోవడం కూడా నేరమేనా? డాక్టరుకి చూపించమని వాడు ఈయనకి చెబుతాడనుకున్నాను.

అదే ఆయనతో అన్నాను. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. రెయిలింగు పట్టుకోకుండా దిగారు. నేను తలుపు వెనక నిలబడి అడుగుల చప్పుడు వింటూనే ఉన్నాను, కింద వరకు.

నేను చెప్పింది తమ్ముడికి. కోచ్‌కి కాదు. ఇందులో నా తప్పు ఏమీ లేదు. ఏమీ లేదు.

మే 20

కూరలకి వెళ్ళి, వస్తూ గ్రౌండు మీదుగా వచ్చాను. దగ్గర దారి కదా అని. దగ్గర దారి కాదు. సరే.

కొత్తవాళ్ళు పరిగెడుతున్నారు. ఆ ఎండకి కాకులు కూడా చెట్టు దిగని వేళ. ప్లాంటులో ట్రైనీ ఉద్యోగాలిప్పిస్తామని చెప్పి, పల్లెల్లో మైదానాలన్నీ తిరిగి ఏరుకొచ్చాడట త్రినాథ. సగం మందికి బూట్లు కొత్త, కాళ్ళు ఎగరేస్తూ నడుస్తున్నారు. అందులో ఒకడు, పొడుగ్గా, నల్లగా, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, బూట్లు విప్పి గట్టు మీద పెట్టేసి ఉత్త కాళ్ళతో ఆడుతున్నాడు. పేరు బిసాహు. దుర్గ్ అవతల ఏదో పల్లె. ముగ్గురు అడ్డం వచ్చారు. బంతి వాడి పాదానికి కుట్టేసినట్టు ఉంది. ముగ్గుర్నీ దాటుకుని గోల్లోకి కొట్టి, ఏమీ జరగనట్టు తిరిగొచ్చాడు.

బాగా ఆడుతున్నారు. అదే నాకు ఒళ్ళు మండించింది. పనికిరాని వాళ్ళని తెచ్చి ఉంటే కనీసం త్రినాథని తిట్టుకోవడానికి ఉండేది.

వంకాయలు వాడిపోయాయి.

జూన్ 10. ఆదివారం

మనసు ఆగక క్లబ్బుకే వెళ్ళి త్రినాథని నిలదీశాను. గోడకి సున్నం వేయిస్తున్నాడు. పనివాళ్ళని బయటకి పంపించాడు.

"పిల్లలు బాగా ఆడుతున్నారు. ఒప్పుకున్నాను. బావని ఒక్క ఏడాది ఉంచితే ఏటి పోయింది నీకు? బయట కూర్చోబెట్టేవాడివి. పేరైనా ఉండేది."

"బావ బయట కూర్చుంటాడా అప్పా? నువ్వే చెప్పు. బావ ఉంటే కెప్టెన్ బావే. కెప్టెన్ అయితే ఆడాలి. ఆడితే అవతలవాడు బంతిని బావ వెనక్కి కొడతాడు. బావ తిరిగేలోపు గోల్. పోయినేడు ఎన్ని అలా పోయేయో నీకు తెలీదా?"

"తెలీదు."

"నీకు తెలీదా?" అన్నాడు మళ్ళీ. మెల్లగా.

"పోనీ ఇంటికొచ్చి చెప్పొచ్చు కదా. నలుగురి ముందు పేరు చదవడం ఏటి?"

కిందికి చూశాడు. "ఒక్కడికీ విడిగా చెప్పలేకపోయేను. నోరు రాలేదు. అందుకే అందర్నీ నిలబెట్టి చదివీసేను" అన్నాడు.

గొప్పతనం కాదన్నమాట. పిరికితనం. అది తెలిశాక కోపం తగ్గాలి. తగ్గలేదు. నాన్న పోయినప్పుడు కూడా అమ్మకి చెప్పమంటే గదిలో దాక్కున్నాడు వీడు. నేనే చెప్పాను.

"మోకాలి సంగతి సెక్రటరీకి ఎందుకు చెప్పేవు?"

"కారణం అడిగేరు."

"నేను చెప్పింది నీకు."

"నేనే కదా అప్పా కోచ్‌ని."

వచ్చేశాను.

జూన్ 24

వానలు మొదలయ్యాయి. ఆయన నవ్వుతూ ఇంటికొచ్చారు. ఎన్నాళ్ళకో.

నవజ్యోతి అని క్యాంప్ 2లో ఒక చిన్న క్లబ్బు ఉంది. ఏటా లీగ్‌లో ఆఖరి స్థానం వాళ్ళదే. త్రినాథ తీసేసినవాళ్ళు ఏడుగురూ మూకుమ్మడిగా అందులో చేరిపోయారు. ఈయనే కెప్టెన్. రెయిల్ మిల్లులో షిఫ్టు దిగి తిన్నగా ప్రాక్టీసుకి పోతున్నారు. రాత్రి నా ముందు కాలు చాపి "కట్టు గట్టిగా కట్టు సూర్యా" అన్నారు. కట్టాను. చాలా గట్టిగా కట్టాను.

"జూలై ఆఖర్లో వాళ్ళతో మ్యాచ్ ఉంది. ఆ కుర్రాడు, అదే బిసాహు, వాణ్ణి నేనే పట్టుకుంటాను" అన్నారు.

"పట్టుకోండి" అన్నాను.

విశాఖ స్పోర్టింగ్ ఓడిపోవాలి. నా తమ్ముడు తలదించుకుని గ్రౌండు దాటాలి. రాసేశాను. కొట్టెయ్యను.

జూలై 9

విశాఖ స్పోర్టింగ్ నాలుగు గోల్స్‌తో గెలిచింది. బిసాహు మూడు. నేను పనిచేసే స్కూల్లో మణిమాల టీచరు "మీ తమ్ముడు మొనగాడండీ" అంది. పీరియడ్ బెల్ కొట్టారని అబద్ధం చెప్పి లేచిపోయాను.

జూలై 22

ఆయన కాలు వాచింది. మ్యాచ్‌కి మానేయమని నేను అనలేదు. అంటే వినరని అనలేదు.

జూలై 29. ఆదివారం

మ్యాచ్ అయింది. ఎలా జరిగిందో అలాగే రాయాలి. రేపటికి వేరేగా గుర్తుంటుందేమో.

పొద్దున్నంతా వాన. గ్రౌండు ఎర్ర బురద. నేనూ ఛాయా ఒక గొడుగు కింద ఉన్నాం. హాఫ్ టైమ్‌కే రెండు గోల్స్ తిన్నారు మనవాళ్ళు. మనవాళ్ళు అంటే ఎవరో ఇప్పుడు నాకే తెలియడం లేదు. నవజ్యోతి వాళ్ళు. రెండూ బిసాహువే. రెండుసార్లూ ఆయన్ని దాటుకునే వెళ్ళాడు. మొదటిసారి ఆయన బురదలో కూర్చుండిపోయారు. రెండోసారి తిరగనే లేకపోయారు. గట్టు మీద ఎవరో "చాచా, ఘర్ జావో" అని, ఇంటికి పొమ్మని అరిచారు. జనం నవ్వారు. ఏళ్ళ తరబడి ఈయన పేరు పెట్టి చప్పట్లు కొట్టిన జనమే. త్రినాథ ఆ వైపు తిరిగి నోరు మూయమని చెయ్యి చూపించాడు. అది ఆయన చూశారు. నవ్వినవాళ్ళ కంటే త్రినాథ జాలి చూపించడం ఆయనకి ఎక్కువ తగిలింది. ఇక్కడి నుంచే నాకు తెలిసిపోయింది.

ఆట ఇంక అయిపోవస్తోంది. బిసాహు మళ్ళీ వచ్చాడు. బంతిని ఆయన ఎడమ పక్కగా ముందుకి తోసేశాడు. బంతి వెళ్ళిపోయింది. బంగార్రాజు ముందుకొచ్చి దాని మీద పడిపోయాడు కూడా. అప్పుడు వెళ్ళింది ఆయన కాలు, కుర్రాడి కాలి మీదికి. చప్పుడు గొడుగు దాకా వచ్చింది.

రెఫరీ దూరంగా ఉన్నాడు. బురదలో జారారనుకున్నాడు. అందరూ అదే అనుకున్నారు. కుర్రాడు అరవలేదు. నేల మీద గడ్డి పట్టుకుని పీకుతున్నాడు. త్రినాథ పరిగెత్తుకొచ్చి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

బంతి కోసం వెళ్ళేటప్పుడు ఆయన కళ్ళు బంతి మీద ఉంటాయి. నాకు తెలుసు. ఇవాళ

జూలై 30

"జారింది" అన్నారు. నేనడక్కుండానే అన్నారు.

నేల తడిగా ఉంది. జారి ఉంటుంది. కాలికి ఆ కట్టు కూడా ఉంది, పట్టు దొరికి ఉండదు. ఆయన బూట్లు పాతవి. జారి ఉంటుంది.

జూలై 31

జారలేదు.

ఆగస్టు 2

స్కూలు నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. బిసాహుకి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. తొడ దాకా కట్టు వేశారు. వాళ్ళమ్మ ఊరి నుంచి వచ్చింది. మంచం పక్కన నేల మీద గోనె పరుచుకుని, మూట తలకింద పెట్టుకుని ఉంటోంది. నన్ను చూసి డాక్టరమ్మ అనుకుని లేచి నిలబడింది.

త్రినాథ అక్కడే ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు.

"తడినేల కదప్పా. ఎవరి తప్పు కాదు" అన్నాడు.

"నువ్వు దగ్గర్లోనే ఉన్నావు. చూశావు."

"నాకేటి కనపళ్ళేదు."

"త్రినాథా."

"నీ కాపురం అప్పా అది. నేను లీగ్ కమిటీకి వెళ్ళి బావ కావాలని కొట్టేడని చెప్తే, రేపు నువ్వు ఆ ఇంట్లో ఎలా ఉంటావు? ఇప్పటికే చేసింది చాలదా నేను?"

చెంప మీద కొట్టాలనిపించింది. టీములోంచి తీసినప్పుడు నా కాపురం గుర్తు రాలేదు. మోకాలి సంగతి సెక్రటరీకి మోసినప్పుడు గుర్తు రాలేదు. ఒకడి కాలు విరిగాక గుర్తొచ్చింది.

"లోపల పడున్నవాడు నీ ఆటగాడు. నా కాపురం నేను చూసుకుంటాను" అన్నాను.

మళ్ళీ లోపలికి వెళ్ళి తెచ్చిన పాలు, బ్రెడ్డు వాళ్ళమ్మకి ఇచ్చాను. బిసాహు నా వైపు చూడలేదు. హిందీలో ఒకటే అడిగాడు, గోడ వైపు తిరిగి. "దీదీ, ట్రైనీ నౌకరీ ఉంటుందా, తీసేస్తారా?"

ఉంటుందన్నాను. నాకేం తెలుసు?

ఆగస్టు 5. ఆదివారం

చెప్పేశాను. ఛాయని పక్క క్వార్టర్‌లో సీతాలక్ష్మి గారింటికి పంపించి, ఆయన అన్నానికి కూర్చున్నాక చెప్పాను. తినే ముందు చెప్పకూడదంటారు. ఎందుకు చెప్పకూడదు? ఆ పిల్లవాడు ఎవరో నోట్లో పెడితే తింటున్నాడు.

"ఆసుపత్రికి వెళ్ళేను" అన్నాను.

"ఎందుకు?"

"మీరు కొట్టేరు కనక."

చెయ్యి ఆగింది. "జారిందని చెప్పేను కదా."

"నాకు చెప్పకండి. బంతి వెళ్ళిపోయింది. బంగార్రాజు చేతుల్లో ఉంది. మీరు దాన్ని చూడలేదు. కుర్రాడి కాలు చూసేరు. చూసి కొట్టేరు."

"గట్టు మీద గొడుగు కింద కూర్చున్నదానివి, నీకేటి కనిపిస్తుంది?"

"మిమ్మల్ని పన్నెండేళ్ళుగా చూస్తున్నాను. ఇంకేటి చూసేను నేను ఈ ఊళ్ళో? ప్లాంటు చూసేనా, సినిమాలు చూసేనా? ప్రతి ఆదివారం మిమ్మల్నే చూసేను."

కంచం తోసేశారు. సాంబారు నేల మీద పారింది. "పో. పోయి నీ తమ్ముడికి చెప్పుకో. ముందు చెప్పినట్టే చెప్పుకో" అన్నారు.

"వాడికి చెప్పక్కర్లేదు. వాడూ చూసేడు, దాస్తున్నాడు. మీకే చెబుతున్నాను. మొహం మీదే చెబుతున్నాను."

ఆయన చొక్కా వేసుకుని వెళ్ళిపోయారు. నేల నేను తుడవలేదు. ఛాయ వచ్చేసరికి ఎండి అంటుకుపోయింది. అది తుడవబోతే వద్దని లాగేశాను. ఆయన వచ్చి తుడుచుకున్నారు, చీకటి పడ్డాక.

ఆగస్టు 9

ఆయన నాతో మాట్లాడటం లేదు. నేనూ కోరడం లేదు.

ఆగస్టు 14

నవజ్యోతి ప్రాక్టీసుకి ఆయన వెళ్ళడం మానేశారట. బంగార్రాజు కిందనుంచి సైకిలు బెల్ కొట్టి కొట్టి వెళ్ళిపోయాడు. ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నారు.

ఆగస్టు 19. ఆదివారం

గురునాథరావు గారు వచ్చారు. ప్లాంటు ఆఫీసరు మా మెట్లెక్కి రావడం ఎప్పుడూ లేదు. కుర్చీ తుడిచి వేశాను.

నిన్న సాయంత్రం ఈయన లీగ్ కమిటీ దగ్గరికి వెళ్ళారట. ఎవరూ పిలవలేదు. ఫిర్యాదు లేదు. మీటింగు జరుగుతుంటే తలుపు తోసుకుని వెళ్ళి, "బిసాహు కాలు నేను కావాలనే విరక్కొట్టేను, బంతి అక్కడ లేదు" అన్నారట. కమిటీవాళ్ళు మొహాలు చూసుకున్నారట. రెండేళ్ళు ఆడకూడదని వేశారట. ముప్ఫై అయిదేళ్ళ వాడికి రెండేళ్ళంటే ఇంక ఆట లేనట్టే.

"అమ్మా, నా సర్వీసులో ఇలాంటి మనిషిని చూడలేదు. ఎవరడిగేరు ఆయన్ని? ఎంత గుండె ఉండాలి" అన్నారు గురునాథరావు గారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

"కుర్రాడి ఉద్యోగం సంగతేమిటండీ?" అన్నాను.

"చూద్దాం. కాలు ఎలా అతుకుతుందో చూడాలి కదా" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. టీ తాగారు.

ఆయన మిల్లు నుంచి రాగానే అడిగాను. "నాకు ఎందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పడానికేటుంది, నీకు తెలుసు కదా" అన్నారు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కోపం పోలేదు గాని ఏడుపొచ్చింది. అన్నం పెట్టాను. ఇద్దరం తిన్నాం.

ఆగస్టు 26. ఆదివారం

ఈ ఊరికి పిచ్చి పట్టింది.

సుపేలా బజారులో కొబ్బరికాయల వాడు నా దగ్గర డబ్బులు తీసుకోనన్నాడు. చిన్నారావు భయ్యా ఇంటివాళ్ళ దగ్గర తీసుకోడట. నిన్న స్కూల్లో పెద్ద టీచరు ప్రేయర్ అయ్యాక పిల్లలకి నిజాయితీ గురించి చెప్పి, ఈయన పేరు చెప్పింది. పిల్లలు నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను ఆ మెట్ల మీద నిలబడి, భూమిలోకి పోతే బాగుండునని కాదు, అందరినీ ఒక్కొక్క దెబ్బ వేస్తే బాగుండునని అనుకున్నాను.

ఇవాళ సాయంత్రం బంగార్రాజు నలుగుర్ని వెంటేసుకొచ్చాడు. "మగోడంటే మాయన్న. ఎవులైనా అలగ ఒప్పుకుంటాడేటి?" అంటాడు. మళ్ళీ చెప్పమన్నారు ఆయన్ని, కమిటీలో ఏం జరిగిందో. చెప్పారు. తలుపు తోసుకుని వెళ్ళడం, అందరూ తిరిగి చూడటం, తను అన్న మాట. పోయిన వారం నాతో అన్నది ఒక్క మాట. ఇవాళ కథ అయింది. ఒకచోట గొంతు తగ్గించారు కూడా. బాగుంటుందని తగ్గించారు. నాకు తెలుసు.

వాళ్ళు వెళ్ళాక వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాను.

"వీళ్ళలో ఒక్కడైనా ఆసుపత్రికి వెళ్ళేడా?"

ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టసాగారు.

"మీరు వెళ్ళేరా?"

"కమిటీకి చెప్పేను కదా."

"కమిటీ కాలు విరిగిందా?"

త్రినాథ కూడా ఏమీ తక్కువ తినలేదు. బావ కాళ్ళకి దణ్ణం పెట్టాడట క్లబ్బులో అందరి ముందూ. ఈ ఇద్దరికీ ఏం చేసినా అందరి ముందూ చెయ్యాలి. ఒక్క పనికి మాత్రం మెచ్చుకోవాలి వాణ్ణి. ట్రైనీల జాబితాలోంచి బిసాహు పేరు కొట్టేస్తే తనూ పెట్టె సర్దుకుంటానని గురునాథరావు గారితో గట్టిగా చెప్పాడు. ఆ మాట మాత్రం గదిలో ఇద్దరే ఉన్నప్పుడు అన్నాడట. అది నిజమే అయ్యుంటుంది.

సెప్టెంబరు 2. ఆదివారం

విశాఖ స్పోర్టింగ్ లీగ్‌లో రెండో స్థానంలో ఆగిపోయింది. బిసాహు లేకపోయేసరికి ఆఖరి మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కొట్టలేకపోయారు. ఊళ్ళో అందరికీ ఆ బాధ ఉంది.

పొద్దున్న నేను గిన్నెలో జావ పోస్తుంటే ఆయన చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డారు. రమ్మని నేను అనలేదు. ఇద్దరం బస్సెక్కాం. దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

వార్డులో బిసాహు నిద్రపోతున్నాడు. వాళ్ళమ్మ నన్ను గుర్తుపట్టింది. ఆయన్ని చూసి మా ఇంటి మగవాడని అర్థం చేసుకుని, మంచం పక్కన ఉన్న ఒక్క స్టూలూ కొంగుతో తుడిచి ముందుకు జరిపింది. "బైఠ్ బేటా" అంది. ఆయన కూర్చున్నారు. నేను గిన్నె ఇచ్చాను. డాక్టరు దీపావళికి కట్టు విప్పుతానన్నాడట. నడుస్తాడన్నాడట. ఆట సంగతి అడిగితే మాట్లాడలేదట. పొలం అన్నదమ్ములకి వదిలేసి ఈ ఉద్యోగం కోసం పంపించానని ఆవిడ చెబుతోంది, ఫిర్యాదులా కాదు, వానల సంగతి చెబుతున్నట్టు.

ఆయన మధ్యలో అన్నారు. హిందీలో, మెల్లగా. ఇక్కడ బాగుంటుందని తగ్గించలేదు గొంతు. రాలేదు.

"అమ్మా, వీడి కాలు విరక్కొట్టింది నేనే. కావాలని కొట్టాను."

కమిటీ సంగతి చెప్పలేదు. శిక్ష సంగతి చెప్పలేదు. అక్కడితో ఆపేశారు.

ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. కొడుకు వైపు చూసింది. ఆయన బూట్ల వైపు చూసింది. తిట్టలేదు. ఏడవలేదు. ముందుకి వంగి ఆ స్టూలు మీద చెయ్యి వేసి, లెమ్మన్నట్టు చూసింది. ఆయన లేచారు. ఆవిడ స్టూలుని తన వైపు లాక్కుని, మంచం కిందికి తోసేసింది. తర్వాత జావ గిన్నె మూత తీసి చల్లారబెట్టుకుంటూ కూర్చుంది.

ఆయన నిలబడిపోయారు. గోడకి ఆనుకోలేదు, మంచం పట్టె పట్టుకోలేదు. వెళ్ళిపోదామని నా వైపు చూశారు. నేను కదల్లేదు. ఆవిడ పక్కన గోనె మీద కూర్చున్నాను. బిసాహు నిద్రలేచి ఆయన్ని చూశాడు. నర్సు వచ్చి బయటి వాళ్ళు వెళ్ళాలని చెప్పేదాకా ఆయన్ని అలాగే నిలబడనిచ్చాం.